కొత్తగా సైకిల్ తొక్కేవారికి ఎలాంటి సైకిల్ కంప్యూటర్ సరిపోతుంది?

కొత్త సవారి (హైదరాబాద్):
సభ్యులందరికీ నమస్కారం. ఇటీవలే ఒక హైబ్రిడ్ సైకిల్ కొన్నాను. టైర్లు 700×35 కొలతవి. వారాంతాల్లో గండిపేట చెరువు చుట్టూ, తక్కిన రోజుల్లో వీలు చిక్కినప్పుడు నార్సింగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతున్నాను. ఇప్పటివరకు ఫోను జేబులో పెట్టుకుని యాప్‌లో రికార్డు చేస్తున్నాను. ఇంటికి వచ్చాక లెక్కలన్నీ కనిపిస్తాయి గానీ, తొక్కుతున్నంతసేపూ ఎంత వేగంతో పోతున్నానో, ఎంత దూరం వచ్చానో తెలియదు. అందుకే హ్యాండిల్ మీద బిగించుకునే కంప్యూటర్ ఒకటి తీసుకోవాలనుకుంటున్నాను. పదివేల రూపాయల వరకు పెట్టగలను. ఈ చలికాలంలో 200 కి.మీ. బీఆర్‌ఎం (నిర్ణీత గడువులోగా పూర్తి చేయవలసిన దూర సవారీ) ఒకటి పూర్తి చేయాలని గట్టి కోరిక ఉంది. ఒక దుకాణంలో తీగతో వచ్చే మీటరు చాలన్నారు. మరొక దుకాణంలో మ్యాపులు లేనిది తీసుకుంటే ఏడాది తిరిగేలోగా మళ్ళీ కొనవలసి వస్తుందన్నారు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య, తాను వచ్చేటప్పుడు అక్కడినుండి ఒకటి తెస్తానంటున్నాడు. అసలు దేన్ని చూసి నిర్ణయించుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

తీగమీటరు (రాజమహేంద్రవరం):
కొత్త సవారి గారూ, వేగం, దూరం, సమయం అనే మూడు అంకెలే మీకు కావాలంటే తీగతో వచ్చే మీటరును మించిన నమ్మకమైన వస్తువు లేదు. ముందు చక్రం పుల్లకు బిగించిన చిన్న అయస్కాంతం, ఫోర్కుకు కట్టిన సెన్సారు ఎదురుగా పోయిన ప్రతిసారీ లోపలి రీడ్ స్విచ్ ఒకసారి మూసుకుంటుంది. మీటరు ఆ చుట్లను లెక్కపెట్టి, మీరు ముందుగా ఇచ్చిన చక్రం చుట్టుకొలతతో గుణిస్తుంది. ఉపగ్రహాల కోసం ఎదురుచూడడం గానీ, రాత్రి మరచిపోకుండా ఛార్జింగ్ పెట్టడం గానీ ఉండదు. ఒక్క బటన్ సెల్లు వేస్తే ఏడాది దాకా, చాలాసార్లు అంతకన్నా ఎక్కువే వస్తుంది. 1895లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో కర్టిస్ వీడర్ తయారుచేసిన సైక్లోమీటరు కూడా ఇలా చుట్లను లెక్కపెట్టేదే. అయస్కాంతానికి బదులు పుల్లకు బిగించిన కొక్కెం, నక్షత్రంలా పళ్ళున్న చిన్న చక్రాన్ని ప్రతి చుట్టుకూ ఒక పన్ను చొప్పున తోసేది. ఇన్నేళ్ళుగా నిలిచిన పద్ధతి గనుకనే దాన్ని నేను గౌరవిస్తాను.

ఇలాంటి మీటర్లు వెయ్యి, రెండు వేల రూపాయల మధ్య దొరుకుతాయి. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్టు, వెనుక దీపం, పంక్చరు సామాను కొనుక్కోండి. కొత్తవారికి వాటి అవసరమే ఎక్కువ.

భీమిలి బాట (విశాఖపట్నం):
తీగమీటరు గారు వేగం, దూరాల గురించి చెప్పినదంతా నిజమే. కానీ కొత్త సవారి గారి ప్రశ్నలో బీఆర్‌ఎం అన్న మాట ఉంది, అది ఉన్నాక లెక్క మారుతుంది. మన దేశంలో ఈ సవారీలను ఆడాక్స్ ఇండియా ఆధ్వర్యంలో, ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిజియన్ నియమాల ప్రకారం నిర్వహిస్తారు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. నిర్వాహకులు ముందుగా దారిని జీపీఎక్స్ ఫైలుగానో (సైకిల్ కంప్యూటర్ చదవగలిగే దారి ఫైలు), ఎన్నో కిలోమీటరు దగ్గర ఎటు తిరగాలో రాసిన క్యూ షీటుగానో ఇస్తారు. తెల్లవారకముందే బయలుదేరి, ఊరు తెలియని చోట, దీపాలు లేని కూడలిలో కాగితం తీసి చదువుకోవడం కన్నా, తెర మీద గీత ఎటు తిరిగిందో చూసి తిరగడం ఎంతో సులువు. ఈ పనికి జీపీఎస్ ఉన్న కంప్యూటరే కావాలి.

అయితే జీపీఎస్ ఉన్నవన్నీ ఒకటి కావు. కొన్ని మీరు వెళ్ళిన దారిని రికార్డు మాత్రమే చేస్తాయి. కొన్ని మీరు ఎక్కించిన జీపీఎక్స్ ఫైలును ఖాళీ తెర మీద ఒక గీతగా చూపిస్తాయి, దారి తప్పితే హెచ్చరిస్తాయి. వాటిపై తరగతివి వీధులు, పేర్లతో కూడిన పూర్తి పటాన్ని చూపి, దారి తప్పితే కొత్త దారిని కూడా లెక్కగడతాయి. మన ప్రాంతంలో బీఆర్‌ఎం దారులు ఎక్కువగా జాతీయ రహదారుల మీద, రాష్ట్ర రహదారుల మీద సాగుతాయి గనుక 200 కిలోమీటర్లకు రెండో తరగతిది చాలు. పటం లేనంత మాత్రాన ఎవరూ ఆగిపోరు. గమ్మత్తుగా మెలికలు తిరిగే పల్లె దారుల్లో, పెద్ద నగరాల నడిబొడ్డున మాత్రం పటం ఉంటే మనసుకు నిశ్చింతగా ఉంటుంది.

పెట్టె మీద నేను మొదట చూసేది బ్యాటరీ. ఉదాహరణకు గార్మిన్ ఎడ్జ్ 130 ప్లస్‌కు తయారీదారు చెప్పే సమయం 12 గంటలు. 200 కిలోమీటర్ల గడువే 13:30 గంటలు గనుక, నెమ్మదిగా తొక్కే కొత్తవారికి అది చివరి నియంత్రణ కేంద్రానికి (సవారీలో హాజరు నమోదు చేయించుకునే చోటుకు) ముందే ఆరిపోవచ్చు. అదే సంస్థ ఎడ్జ్ 540కి 26 గంటలు చెబుతుంది గానీ దాని ధర మీ బడ్జెట్టుకు చాలా దూరం. తయారీదారులు చెప్పే గంటలు కొత్త బ్యాటరీవని, రాత్రి తెర వెలుగు పెంచినా, సెన్సార్లు తగిలించినా, దారి చూపించమన్నా తగ్గుతాయని గుర్తుంచుకోండి. బ్రైటన్, ఐజీపీస్పోర్ట్, మజీన్ లాంటి సంస్థల ప్రాథమిక మోడళ్ళు పదివేల లోపు దొరుకుతున్నాయి. వాటిలో బ్యాటరీ 16 గంటలకు తగ్గనిదీ, దారిని గీతగా చూపేదీ ఎంచుకోవచ్చు.

ఒక సెట్టింగు గురించి కూడా ఇప్పుడే చెబుతాను. ఆటో పాజ్ అన్నది పెట్టుకుంటే, మీరు టీ తాగడానికి ఆగినప్పుడు కంప్యూటర్ గడియారం కూడా ఆగుతుంది, సగటు వేగం అందంగా కనిపిస్తుంది. బీఆర్‌ఎం గడియారం మాత్రం ఆగదు. గంటకు 20 కి.మీ. సగటుతో తొక్కుతున్నానని తెర మీద చూసి ధీమాగా ఉన్నవారు, హోటళ్ళ దగ్గర పోయిన సమయాన్ని లెక్కలో వేసుకోక గడువు దాటించిన సందర్భాలు ఉన్నాయి. అందుచేత బయలుదేరినప్పటి నుండి గడిచిన మొత్తం సమయాన్ని ఒక గడిలో తప్పనిసరిగా పెట్టుకోండి.

చక్రాల మేస్త్రి (విజయవాడ):
సైకిల్ దుకాణం నడుపుతున్నవాడిగా రెండు మాటలు చెబుతాను. తీగ అక్కరలేదని చెప్పి చవకగా అమ్మే వైర్‌లెస్ మీటర్ల జోలికి వెళ్ళవద్దు. వాటిలో చాలావరకు పాత అనలాగ్ పద్ధతివి. సెన్సారుకూ మీటరుకూ మధ్య దూరం సుమారు 60, 70 సెంటీమీటర్లు దాటితే సంకేతం అందదు. హ్యాండిల్ మీద ఎల్ఈడీ దీపం వెలిగించగానే కొన్నిటిలో వేగం సున్నా అయిపోవడమో, కరెంటు లైన్ల కింద వెళుతుంటే ఉన్నట్టుండి అంకె పెరిగిపోవడమో జరుగుతుంది. తీసుకుంటే తీగదైనా తీసుకోండి, లేకపోతే యాంట్ ప్లస్ (సెన్సారు అంకెలను తీగ లేకుండా పంపే డిజిటల్ పద్ధతి) గానీ బ్లూటూత్ గానీ ఉన్నదైనా తీసుకోండి. మధ్యలో ఉన్నది కొని వారం తిరక్కముందే దుకాణానికి వెనక్కి తెచ్చేవారిని తరచుగా చూస్తుంటాను.

ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడా కూడా తెలుసుకోవాలి. యాంట్ ప్లస్ సెన్సారు తన అంకెలను అందరికీ వినిపించేలా ప్రసారం చేస్తుంది, ఒకేసారి ఎన్ని పరికరాలైనా అందుకోవచ్చు. బ్లూటూత్ సెన్సార్లు చాలావరకు ఒకటి రెండు పరికరాలతోనే జతకడతాయి. ఫోను ముందుగా జతకట్టేస్తే కంప్యూటరుకు సెన్సారు దొరకదు, సెన్సారు పాడైందనుకుని మా దగ్గరికి తెస్తారు. రెండు పద్ధతులూ ఉన్న కంప్యూటరూ, రెండూ ఉన్న సెన్సారూ తీసుకుంటే ఈ తంటా ఉండదు. సంస్థలు వేరైనా పరవాలేదు, ఒక సంస్థ సెన్సారు మరొక సంస్థ కంప్యూటరుతో చక్కగా పనిచేస్తుంది.

ఉదయపు దారి (కూకట్‌పల్లి, హైదరాబాద్):
నేను తెల్లవారుజామున ఒంటరిగా తొక్కుతాను గనుక భద్రత గురించి రాస్తున్నాను. మీరున్న చోటును ఇంట్లోవారికి చూపించడం, పడిపోతే వారికి సందేశం పంపడం అనే సౌకర్యాలను చూపి ఖరీదైన కంప్యూటర్లను అమ్ముతారు. ఆ సౌకర్యాలు మంచివే. కానీ చాలా కంప్యూటర్లలో ఆ సందేశం వెళ్ళేది మీ ఫోను ద్వారానే, ఫోనులో సిగ్నల్ లేకపోతే కంప్యూటర్ ఏమీ పంపలేదు. కేవలం మీరున్న చోటు తెలియడానికైతే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటల వరకు పంచుకోవచ్చు. అమ్మావాళ్ళు దాన్ని ఎలాంటి కొత్త యాప్ నేర్చుకోకుండానే చూడగలరు. కాబట్టి ఈ ఒక్క కారణం కోసం బడ్జెట్టు పెంచవద్దు.

సవారీ అయ్యాక దాన్ని అందరికీ కనిపించేలా పెట్టేవారు మాత్రం, ఇంటి చుట్టుపక్కల భాగం కనిపించకుండా దాచే సెట్టింగును మొదటి రోజే పెట్టుకోవాలి. 2018లో స్ట్రావా అనే వ్యాయామ యాప్ తన వాడుకరుల దారులన్నిటినీ కలిపి చూపిన హీట్‌మ్యాప్ వల్ల సైనిక స్థావరాల దారులే బయటపడ్డాయి. రోజూ ఒకే గేటు నుండి, ఒకే సమయానికి బయలుదేరే మన దారి ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

కొత్త సవారి (హైదరాబాద్):
అందరికీ ధన్యవాదాలు. మరో రెండు సందేహాలున్నాయి. ఫోనునే హ్యాండిల్ మీద పెట్టుకుంటే ఏమవుతుంది? రెండోది, నేను తొక్కే ట్రాక్ మీద సోలార్ పలకల పైకప్పు ఉంది. దాని కిందికి వెళ్ళినప్పుడు ఫోనులో దారి గీత పక్కనున్న రోడ్డు మీదికి, ఒక్కోసారి దానికి అవతలికి కూడా జరిగిపోతోంది. కంప్యూటర్ కొన్నా ఇలాగే ఉంటుందా?

చక్రాల మేస్త్రి (విజయవాడ):
ఫోను గురించి నేను చెబుతాను. మా ఊళ్ళో ఎండాకాలంలో పొద్దున తొమ్మిది దాటితే ఫోను తెర ఎండకు కనిపించదు. వెలుగు పెంచితే వేడెక్కి, దానంతట అదే మసకబారుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ సంస్థే చెబుతోంది, మన వేసవి దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. సైకిల్ కంప్యూటర్ల తెర ఎండను తిరిగి విరజిమ్మే రకం గనుక, ఎండ ఎంత ఎక్కువైతే అంకె అంత స్పష్టంగా కనిపిస్తుంది. పైగా కింద పడితే పగిలేది ఫోనే, సాయం కోసం పిలవాల్సిందీ ఫోనుతోనే. దాన్ని జేబులోనే ఉండనివ్వండి.

భీమిలి బాట (విశాఖపట్నం):
పైకప్పు ప్రశ్నకు జవాబు. మీరు చెబుతున్నది 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల ట్రాక్ అనుకుంటాను. జీపీఎస్ పరికరం ఏదైనా, ఆకాశంలో వీలైనన్ని ఉపగ్రహాలను సూటిగా చూడగలిగితేనే తన చోటును సరిగ్గా లెక్కగడుతుంది. తల మీద పలకలు, లోహపు చట్రాలు ఉంటే పైనున్న ఉపగ్రహాల సంకేతాలు బలహీనపడతాయి, పక్కనుండి వచ్చేవి వాహనాలకు, స్తంభాలకు తగిలి ఆలస్యంగా చేరతాయి. అందుకే గీత పక్కకు జరుగుతుంది. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లొనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ లాంటి వ్యవస్థలను కలిపి వాడే కంప్యూటరైతే కొంత మేలు. రెండు పౌనఃపున్యాలలో సంకేతాలను అందుకునేవైతే ఇంకా మేలు, కానీ ఆ సౌకర్యం ఎక్కువగా ఖరీదైన మోడళ్ళలోనే ఉంటుంది.

దీనికి అసలు పరిష్కారం తీగమీటరు గారు మొదట చెప్పిన పద్ధతిలోనే ఉంది. చక్రం హబ్‌కు (నడిమి భాగానికి) రబ్బరు పట్టీతో తగిలించే స్పీడ్ సెన్సారు ఒకటి తీసుకోండి. ఇప్పటి వాటికి అయస్కాంతం కూడా అవసరం లేదు, తమ తిరుగుడును తామే గుర్తిస్తాయి. అది జతకట్టినప్పుడు కంప్యూటర్ దారిని ఉపగ్రహాల నుండి, వేగదూరాలను చక్రం నుండి తీసుకుంటుంది. గీత కాస్త వంకరపోయినా దూరం మాత్రం తప్పదు. పైకప్పు కిందే కాదు, అరకు ఘాట్ రోడ్డులో చెట్ల నీడన హెయిర్‌పిన్ మలుపులు ఎక్కేటప్పుడు కూడా దీని విలువ తెలుస్తుంది. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడు కేవలం ఉపగ్రహాల వల్ల వచ్చే అంకె నిలకడగా ఉండదు.

ఘాట్ రోడ్డు మాట వచ్చింది గనుక, ఎత్తు కొలిచే విషయం కూడా చూడండి. పెట్టె మీద బారోమెట్రిక్ ఆల్టీమీటర్ అని ఉన్నదే తీసుకోండి. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, భూమి అడ్డం గనుక కింద వైపు నుండి ఏదీ కనిపించదు. అందువల్ల జీపీఎస్ చెప్పే ఎత్తులో పొరపాటు, అడ్డంగా చెప్పే చోటులో కన్నా ఎక్కువగా ఉంటుంది. వాలు ఎంత శాతమో చూపే అంకె దాని మీద ఆధారపడితే తెర మీద గంతులేస్తుంది. గాలి పీడనం ద్వారా కొలిచే పరికరం ఒక్క మీటరు తేడాను కూడా పట్టుకుంటుంది. దానికీ ఒక బలహీనత ఉంది. సముద్రమట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ పీడనం తగ్గితే సుమారు 8 మీటర్లు ఎక్కినట్లు లెక్క. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజున మీరు బీచ్ రోడ్డు మీద సమతలంగా తొక్కుతూ ఉన్నా, పీడనం 5 హెక్టోపాస్కళ్ళు పడిపోతే కంప్యూటర్ దాదాపు 40 మీటర్లు ఎక్కారంటుంది. వానలో ఆ పీడనపు రంధ్రానికి నీరో చెమటో అడ్డుపడినా అంకె తప్పుతుంది. బయలుదేరే ముందు మీ ఊరి ఎత్తును సరిచేసుకోవడం, ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో మెల్లగా కడగడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. సూదితో మాత్రం పొడవకండి.

నాడి (వరంగల్):
నేను వైద్యుణ్ణి. కంప్యూటరుతో పాటు గుండె వేగాన్ని కొలిచే పట్టీ కూడా కొనమని కొత్తవారికి చెబుతుంటారు గనుక రాస్తున్నాను. ఛాతీకి కట్టే పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్ని అందుకుంటుంది, కట్టే ముందు దాని ఎలక్ట్రోడ్లను తడిపితే నమ్మకమైన అంకె వస్తుంది. మణికట్టు గడియారాలు చర్మం కింది రక్తప్రవాహాన్ని కాంతితో చూస్తాయి, గతుకుల రోడ్డు మీద హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నప్పుడు అవి పొరపడవచ్చు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 220 నుండి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందనే సూత్రాన్ని చాలా కంప్యూటర్లు మొదట్లో వాడతాయి. అది జనాభా సగటుకు సంబంధించిన అంచనా మాత్రమే. ఒక్కో మనిషి విషయంలో నిమిషానికి పది, పన్నెండు స్పందనల తేడా మామూలే. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారి గుండె వేగం ఆ మాత్రల వల్లే తగ్గి ఉంటుంది. వారు గుండె వేగాన్ని బట్టి తెర మీద చూపే రంగుల మండలాలను చూసి ఇంకా గట్టిగా తొక్కాలనుకోవడం ప్రమాదకరం. నలభై దాటినవారు, మధుమేహమో రక్తపోటో ఉన్నవారు 200 కిలోమీటర్లకు సిద్ధమయ్యే ముందు ఒకసారి తమ వైద్యుణ్ణి కలవాలని నా గట్టి మనవి. మొదటి కొన్ని నెలలు ఆయాసపడకుండా మాట్లాడగలిగే వేగంతో తొక్కడం ఏ పట్టీ లేకుండానే సాధ్యమవుతుంది.

ప్రవాస పెడల్ (డాలస్):
మీ అన్నయ్య గారు ఇక్కడే ఉన్నారని రాశారు గనుక చెబుతున్నాను. ఇక్కడ కొన్న కంప్యూటరులో సాధారణంగా ఉత్తర అమెరికా పటమే ముందుగా ఎక్కించి ఉంటుంది. పటం ఉన్న మోడల్ తీసుకుంటే భారతదేశపు పటాన్ని విడిగా ఎక్కించుకోవాలి, ఆ వీలు ఆ మోడల్‌కు ఉందో లేదో కొనకముందే చూడాలి. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కూడా అన్నయ్య గారి చేత రాతపూర్వకంగా అడిగించండి. పదివేల లోపు వస్తువుకు ఇంత శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం. అదే ధరకు హైదరాబాద్‌లోనే కొంటే, మొరాయించినప్పుడు తీసుకెళ్ళి చూపించడానికి ఒక దుకాణమంటూ ఉంటుంది.

తీగమీటరు (రాజమహేంద్రవరం):
భీమిలి బాట గారి వివరణ చదివాక, బీఆర్‌ఎం కోసం జీపీఎస్ కావాలన్న వాదనను నేను అంగీకరిస్తున్నాను. కానీ బటన్ల విషయం ఎవరూ ప్రస్తావించలేదు. తాకితే పనిచేసే తెరలు దుకాణంలో ముచ్చటగా ఉంటాయి. వానాకాలంలో తెర మీద పడిన చినుకులనే వేళ్ళనుకుని పేజీలు మార్చేసేవి, చలికాలపు తొడుగు వేళ్ళను గుర్తించనివి కూడా వాటిలో ఉన్నాయి. ఒకే తరానికి చెందిన గార్మిన్ ఎడ్జ్ 540, 840 లలో మొదటిదానికి బటన్లు మాత్రమే ఉండగా, రెండోదానికి తాకే తెరతో పాటు బటన్లను కూడా ఉంచారంటే, బటన్ల అవసరం ఏమిటో తయారీదారుకూ తెలుసునన్నమాట. రోడ్డు మీది నుండి చూపు తిప్పకుండా వేలితో తడిమి నొక్కగలిగే బటన్లు ఉన్నదే తీసుకోండి. ఒక పేజీలో నాలుగైదు అంకెలకు మించి పెట్టవద్దు. లారీ పక్కనుండి పోతున్నప్పుడు చిన్న అక్షరాలను చదవడానికి ప్రయత్నించకూడదు.

కొత్త సవారి (హైదరాబాద్):
మీ సలహాల ప్రకారం నిర్ణయం తీసుకున్నాను. నగరంలోని ఒక దుకాణంలోనే, పటం లేకపోయినా జీపీఎక్స్ దారిని గీతగా చూపే కంప్యూటర్ తీసుకున్నాను. బటన్లు, బారోమీటరు, యాంట్ ప్లస్, బ్లూటూత్ అన్నీ ఉన్నాయి. హబ్‌కు తగిలించే స్పీడ్ సెన్సారు కూడా తీసుకున్నా మొత్తం పదివేలు దాటలేదు. గుండె పట్టీ ఇప్పుడు వద్దనుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. సెన్సారు జతచేయగానే చక్రం చుట్టుకొలత 2096 మి.మీ. అని చూపిస్తోంది. దాన్ని అలాగే ఉంచవచ్చా?

చక్రాల మేస్త్రి (విజయవాడ):
ఉంచకూడదండీ. 2096 అన్నది 700×23 కొలత గల సన్నని రేసు టైరుది. మీ 700×35 టైరుకు పట్టికల్లో ఇచ్చే కొలత 2168 మి.మీ. మార్చకపోతే మీరు 100 కిలోమీటర్లు తొక్కినా తెర మీద సుమారు 96.7 మాత్రమే కనిపిస్తుంది. 200 కిలోమీటర్ల సవారీలో ఆ తేడా ఆరున్నర కిలోమీటర్లకు పైగా అవుతుంది, క్యూ షీటు చూసి తిరగవలసిన మలుపు ఎక్కడుందో అంతుపట్టదు. కొన్ని కంప్యూటర్లు ఉపగ్రహాల సాయంతో చుట్టుకొలతను తామే సరిచేసుకుంటాయి. మీ దాంట్లో ఆ ఎంపిక ఉంటే, పైకప్పు లేని తిన్నని రోడ్డు మీద మొదటిసారి వాడండి.

చేత్తో కొలిస్తే ఇంకా నయం. టైరులో మీరు రోజూ పెట్టే గాలే పెట్టండి. సమతలంగా ఉన్న నేల మీద ముందు చక్రం వాల్వు సరిగ్గా కిందికి వచ్చేలా నిలబెట్టి, దాని ఎదురుగా సుద్దముక్కతో గీత గీయండి. మీరు సైకిల్ మీద కూర్చుని, పక్కన ఒకరు పట్టుకోగా, తిన్నగా ముందుకు నడిపించి వాల్వు రెండోసారి కిందికి వచ్చిన చోట మరో గీత గీయించండి. అంటే చక్రం రెండు చుట్లు తిరగాలి. మీ బరువుకు టైరు కొద్దిగా నొక్కుకుంటుంది గనుక, కూర్చుని కొలిచినదే అసలు కొలత. గీతల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, రెండుతో భాగించి ఆ అంకెను ఎక్కించండి. టైరు మార్చినప్పుడు మళ్ళీ కొలవాలి. ఇక కంప్యూటరును స్టాండులో తిప్పి బిగించాక, పెట్టెలో వచ్చిన సన్నని తాడును హ్యాండిల్‌కు కూడా చుట్టండి. స్పీడు బ్రేకరు మీద ఎగిరిపడినా రోడ్డు మీద పడకుండా ఆ తాడు పట్టుకుంటుంది.